గారు

కగ్గదాసపుర రైల్వే గేటు పడితే
ఎవరికైనా పావుగంట ఆలస్యం.
ఆదివారం ఆ పావుగంటని లెక్కేసుకుని బయల్దేరి
అందరూ పది నిమిషాలు ముందే దిగుతారు మా ఇంట్లో.
మన మొదటి పోలిక అదేనేమో అన్నాడు ఫణిభూషణ్,
ఉల్లిపాయలు తరుగుతూ.
ఎక్కడికెళ్ళినా ముందు వెళ్ళడం,
బయటికి దారి ఎటుందో చూసుకోవడం,
ఆ తర్వాతే చెప్పులు విప్పడం.

అతనిది ఇన్సూరెన్స్ కంపెనీలో లెక్కల పని.
వెయ్యిమంది అలవాట్లని ఒక గడిలో కుక్కి
ఎవరెప్పుడు పోతారో చెప్పగలడు.
ఆ రోజు మమ్మల్నీ గడిలో పెట్టబోయాడు.

ఫోను బోర్లా పెడతామా? పెడతాం.
తలుపు కనబడే కుర్చీయే కావాలా? కావాలి.
పెళ్ళిళ్ళలో వడ్డనకి ముందు లేచేదెవరు?
మేమే. గరిటె పట్టుకున్నవాణ్ణి నిలబెట్టి
నీదెప్పుడు నాయనా అని ఎవరూ అడగరు.

నిసార్ కదిరి వదిలి పదమూడేళ్ళు.
ఆఫీసులో అందరి పిల్లల పేర్లూ తెలుసు,
ఎవరి అత్తగారికి ఏ మోకాలు నొప్పో కూడా.
మంచితనం అనుకుంటారు.
"వాళ్ళని మాట్లాడిస్తూ ఉంటే
మన వంతు రాదు కదా భాయ్" అన్నాడు
కుక్కర్ మూత బిగిస్తూ.
నవ్వాం. ఒకేసారి, కొంచెం ఎక్కువగా.
ఫణి అదీ రాసుకున్నాడు.

నాకు వేరే తోచింది.
మనం వ్యాకరణం బాగా వచ్చినవాళ్ళం అన్నాను.
నేను వచ్చాను అంటే ఆడో మగో ఎవరికి తెలుసు?
చిక్కంతా పక్కమనిషి గురించి చెప్పేటప్పుడే.
నవ్వాడు అంటే పట్టుబడతాం,
నవ్వింది అంటే అబద్ధం.
అందుకే "తను" అనే మాటలో అద్దెకుంటాం.
అదీ చాలకపోతే గారు తగిలించి
వచ్చారు, తిన్నారు, పడుకున్నారు.
ఇంటి ఓనరంటే వీడికెంత మర్యాదో
అనుకుంటుంది మా అమ్మ.
ఆరేళ్ళుగా ఒకే దుప్పటి.
ఫోనులో మాత్రం గారు.

ఇమ్మానుయేలు ఒప్పుకోలేదు.
"ఇవి మన గుణాలేంటి?
చెప్పు కరిస్తే నడక మారుద్ది.
అది నడకా, పుండా?"
చీరాల చర్చిలో పదేళ్ళు పాడిన గొంతు,
కోపమొచ్చినా శ్రుతి తప్పదు.
"చెప్పు విప్పేశాక కూడా కుంటుతున్నాంగా"
అన్నాడు నిసార్.
కుక్కర్ రెండు కూతలేసింది.
కింద ఎవరో నీళ్ళ ట్యాంకరు కోసం
కన్నడంలో పోట్లాడుతున్నారు.

ఇక తిప్పేస్వామి.
రాయదుర్గం మనిషి, లారీ ఆఫీసు.
ఫణి గడుల్లో ఎక్కడా పట్టడు.
ఫోను వెల్లకిలా పడేస్తాడు,
తలుపుకి వీపు పెట్టి కూర్చుని
కూర్చున్నచోటే గుర్రు పెడతాడు.
ఒక్కరి పుట్టినరోజూ గుర్తుండదు.
వాళ్ళ నాన్నకి చెప్పిన రాత్రి చెంపదెబ్బ తిని
అదే చెంపతో అన్నం నమిలాడట.
చిక్కుడుకాయ కూర బాగుండిందని కూడా చెప్తాడు.
లెక్కల్లో ఇలాంటివాణ్ణి తీసేస్తారన్నాడు ఫణి.
"తీసేయప్పా. బిర్యానీలో మాత్రం తీయొద్దు."

అప్పుడే బెల్లు మోగింది.
నిసార్ మాట సగంలో తెగింది.
ఫణి కాయితం మడిచి పప్పు డబ్బా కింద తోశాడు.
టీవీ సౌండు పెరిగింది, ఎవరు పెంచారో.
సోఫాలో నేను జానెడు జరిగాను,
నా పక్కనున్నవారు అటువైపు జానెడు జరిగారు.
ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

తిప్పేస్వామి లుంగీ ఎగ్గట్టి వెళ్ళి తలుపు బార్లా తీసి
"నీళ్ళ క్యాను పిల్లోడు వచ్చినాడప్పా"
అని అరిచాడు, మూడంతస్తులూ వినేలా.
ఆ "డు" ఎంత తేలిగ్గా
మెట్లమీద దొర్లుకుంటూ పోయిందో.

సోఫా మీద రెండు జానల ఖాళీ.
తొమ్మిదికి అమ్మ ఫోను చేస్తుంది.
వంటేమిటి అంటుంది, వాన పడిందా అంటుంది,
మీ ఓనరుగారు తిన్నారా అంటుంది.
తిన్నా... దాకా చెప్పేస్తాను.
ఆ తర్వాత "రు"కైనా, "డు"కైనా
నాలుక లేవాల్సింది అంగిట్లోకే.